తిరిగిరాని ప్రోటాను

నీలవేణి కుడిచెయ్యి చాచి బల్లమీద పెట్టింది. డాక్టర్ వామనరావు కిటికీలకు నల్ల పరదాలు లాగి ఊదారంగు దీపం వేశాడు. బయట విశాఖపట్నంలో ఎండ మండిపోతోంది. గదిలో మాత్రం ఆ చెయ్యీ, దానిమీద పడుతున్న సన్నటి వెలుగూ తప్ప ఏమీ కనిపించడం లేదు. ముందు బొటనవేలి మొదట్లో ఒక ఆకుపచ్చ చుక్క తేలింది. తరవాత మణికట్టు చుట్టూ గాజు తొడిగినట్టు ఒక వలయం. ఆపైన ముంజేతి లోపలివైపు మోచేతి దాకా ఒక గీత.

దీపం వైపు చూడకుండా ఎక్కడెక్కడ నొప్పో చెప్పమన్నాడు వామనరావు. నీలవేణి గోడవైపు తల తిప్పుకుని, ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇలా పైదాకా అని ఎడమచేతి వేలితో తడుముతూ చూపించింది. ఆమె వేలు ఆగిన ప్రతిచోటా ఆకుపచ్చ వెలుగుంది. వెలుగున్న ప్రతిచోటా ఆమె వేలు ఆగింది.

పక్కన కూర్చుని రాసుకుంటున్న కాంచన కలం పక్కన పెట్టేసి ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. ఆ చేతిలో వెలుగుతున్న ఈ ఒక్క ప్రోటీన్ మీదే ఆమె ఎనిమిదేళ్లుగా పనిచేస్తోంది. కళ్లు తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

"ఊరుకోవే, ఆయనున్నారు" అంది నీలవేణి చిన్నగా.

వాళ్లిద్దరూ అక్కచెల్లెళ్లు. కాంచన ఆమెను అప్పా అని పిలుస్తుంది. కాంచనకు మూడేళ్లప్పుడు తల్లి పోయింది. అప్పటికి నీలవేణికి పదిహేడు. ఆ ఏడే ఆమె పలాసలో జీడిపిక్కలు కొట్టే ఫ్యాక్టరీలో చేరింది. ఎడమచేత్తో పిక్క పెట్టి, కాలితో ఒక మీటా కుడిచేత్తో ఇంకో మీటా నొక్కితే పిక్క రెండుగా పగులుతుంది. రోజుకు కొన్ని వేలసార్లు. పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి చేతులకు ఆముదం రాసుకుని బూడిద అద్దుకునేది. చెల్లెల్ని బడికి పంపింది, కాలేజీకి పంపింది, పరిశోధన చేస్తానంటే దానికీ సరేనంది. మధ్యలో పెళ్లి చేసుకుంది. భర్త పోయాడు. పిల్లల్లేరు. ముప్ఫైయొక్క ఏళ్లు ఆ మీట నొక్కుతూనే ఉంది.

ఈ పని మొదలవడానికి ఒక ఆసుపత్రి కారణం. అక్క చేతిలోంచి గ్లాసు జారిపోవడం చూసి కాంచన ఆమెను పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. అక్కడి డాక్టరు మణికట్టు పట్టుకుని ఇటూ అటూ తిప్పి, నీలవేణి మొహం చూసి, ఇంత నొప్పి ఉంటే మొహంలో తెలియదా అమ్మా అన్నాడు. నీలవేణి నవ్వింది. నొప్పి పుట్టినప్పుడు నవ్వడం ఆమెకు అలవాటైపోయిందని ఆ డాక్టరుకు తెలియదు. కాంచనకు తెలుసు. బయటికొచ్చాక నీలవేణి, ఏమీ లేదంటున్నారుగా, మంచిదే కదా అంది. కాంచన ఆమెను బస్టాపుకు నడిపించుకొచ్చింది. మొహంలో తెలియని నొప్పి ఇంకెక్కడైనా తెలిసేలా చెయ్యాలని ఆ బస్టాపులోనే అనుకుంది.

జెల్లీఫిష్ శరీరంలో దొరికే వెలిగే ప్రోటీన్ గురించి ఆమె అప్పటికే చదివి ఉంది. దాన్నే మార్చడం మొదలుపెట్టింది.

ప్రయోగానికి పన్నెండుమంది జీడి కార్మికులు ఒప్పుకున్నారు. చర్మం కింద, కీళ్ల దగ్గర, సన్నసూదులతో పలచటి జిగురులా ఆ ప్రోటీన్‌ను ఎక్కించారు. నీలవేణి తన సొంత అక్క కాబట్టి ఆమె పరీక్షలన్నీ వామనరావు చేతుల మీదుగానే జరగాలని కాంచన ముందే రాసిచ్చింది. వామనరావు లేజర్ల మనిషి, ఆమెకంటే ఇరవైయేళ్లు పెద్ద. ఏ ఫలితాన్నయినా మూడుసార్లు చూడందే నమ్మడు.

నీలవేణి ప్రయోగం కోసం వచ్చి చెల్లెలి క్వార్టర్స్‌లోనే ఉండిపోయింది. ఒక ఆదివారం పొద్దున దోసెలు వేస్తూ, నా సేతిలో ఎట్టింది మందా పురుగా అని అడిగింది. కాంచన పీట లాక్కుని పక్కనే కూర్చుంది.

లారీలోంచి గోదాములోకి గంపలు ఎలా చేరేస్తారని ఎదురడిగింది. వరసగా నిలబడి ఒకరి చేతిలోంచి ఒకరం అందుకుంటామంది నీలవేణి. ఇదీ అంతేనని చెప్పింది కాంచన. ఈ ప్రోటీన్ ఒక చిన్న పీపాలా ఉంటుంది. పీపా మధ్యలో వెలిగే ముక్క ఒకటుంది. దాని దగ్గర ఒక ప్రోటాను ఉంటుంది, అంటే హైడ్రోజన్‌లో ఎలక్ట్రాను పోగా మిగిలే అతిచిన్న నలుసు. ఊదా వెలుగు తగలగానే ఆ ముక్క ప్రోటానును పట్టి ఉంచలేక పక్కనున్న నీటి అణువుకు ఇచ్చేస్తుంది. నీరు సెరీన్ అనే దానికిస్తుంది, సెరీన్ చివర్లో ఉన్న గ్లుటామేట్‌కు ఇస్తుంది. నువ్వు రెప్పవేసే లోపల అది కొన్ని కోట్లసార్లు జరగొచ్చు. ప్రోటానును వదిలేసిన ముక్కలోంచి ఆకుపచ్చ వెలుగొస్తుంది. వెంటనే ప్రోటాను అదే దారిలో వెనక్కి వచ్చి తన చోట కూర్చుంటుంది, మళ్లీ వెలగడానికి సిద్ధంగా.

"మరి నొప్పి సంగతేటి?"

"నొప్పి ఉన్నచోట కండ కొంచెం పులుస్తుందప్పా. అన్ని నొప్పులకీ కాదు, నీలాంటి అరిగి వాచిన కీళ్లకి. ఆ పులుపు తగిలితేనే చివరి గ్లుటామేట్ ప్రోటానును అందుకునేలా మార్చాను. లేకపోతే దారి మూసే ఉంటుంది, వెలుగు రాదు."

నీలవేణి రుబ్బిన పిండి గిన్నెవైపు చూసి, దీనిలాగే పులుస్తాదన్నమాట అంది. ఆ తరవాత పక్క క్వార్టర్స్‌లో అందరికీ, మా చెల్లి నా సేతిలో గంపలు మోసేవోళ్లని ఎట్టిందని చెప్పుకుంది.

ఆ ఏడాది వాళ్లకు బాగా గడిచింది. పొద్దున్నే కాంచన ల్యాబుకు వెళ్లేది. పదింటికి నీలవేణి క్యారియరు పట్టుకుని అక్కడికే వచ్చేది. ల్యాబులో పరిశోధన చేసే పిల్లలంతా ఆమె చేతి చింతచిగురు పప్పుకు అలవాటుపడ్డారు. నొప్పి ఎక్కడుందో తెలిశాక వామనరావు స్నేహితుడైన ఒక ఎముకల డాక్టరు సరిగ్గా అక్కడే మందిచ్చాడు, వ్యాయామాలు నేర్పాడు. ఆయన మణికట్టు పట్టుకున్నప్పుడు నీలవేణి నవ్వలేదు. ముప్ఫైయేళ్లలో మొదటిసారి ఒక డాక్టరు ఆమె చెయ్యి చూసి, అయ్యో, ఇంత భరించావా అన్నాడు. ఆ మాట ఆమె ఇంటికొచ్చి మూడుసార్లు చెప్పింది.

ప్రయోగం పేపర్లలో వచ్చింది. ఎవరొచ్చినా, మంత్రులైనా, కంపెనీలవాళ్లైనా, వాళ్ల ముందు కూర్చుని చెయ్యి చాపేది నీలవేణే. ఆమె చెయ్యి అందరికంటే బాగా వెలిగేది. పదిమంది పెద్దమనుషులు ఆ ఆకుపచ్చ వలయాన్ని చూసి ఊపిరి బిగబట్టేవారు. ఆమెకూ అది ఇష్టంగా ఉండేది. ఆ రోజుల్లో ఆమె మంచి చీర కట్టుకుని వచ్చేది.

జీడి ఫ్యాక్టరీల కార్మికుల వైద్యం చూడటానికి ఒక కమిటీ ఉండేది. ఎవరికి నిజంగా నొప్పి ఉందో, ఎవరిని తేలికపనిలో పెట్టాలో తేల్చుకోలేక ఆ కమిటీ ఎప్పుడూ సతమతమయ్యేది. వాళ్లు కాంచన పరీక్షను తీసుకున్నారు. రెండొందల నలభైమంది ఆడవాళ్ల చేతుల్లో ప్రోటీన్ ఎక్కించారు. వెలిగినవాళ్లకు చికిత్స, తేలికపని. బాగా వెలిగినవాళ్లను వారంవారం చూసేవారు, తక్కువ వెలిగినవాళ్లను నెలకోసారి. ఇంకో ఏడాది చూశాక ఇద్దామని వామనరావు ఒకసారి అన్నాడు. అప్పటికే చేతులు పాడైపోతున్న వాళ్లను ఏడాది ఆగమని ఎలా చెప్తామంది కాంచన. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పద్నాలుగో నెలలో నీలవేణి చెయ్యి వెలగడం తగ్గింది. ముందు ముంజేతి గీత పోయింది. తరవాత మణికట్టు వలయం. ఒక శుక్రవారం వామనరావు దీపం వేస్తే చెయ్యి మామూలు చెయ్యిలాగే ఉంది, ఎక్కడా చుక్క లేదు. ఆయన దీపం మార్చి మళ్లీ చూశాడు. మూడోసారీ చూశాడు.

కాంచన పరుగున లోపలికొచ్చింది. చీకటిగా ఉన్న ఆ చేతిని చూసి, అక్కను భుజాలు పట్టుకుని కుదిపేసింది.

"తగ్గిపోయిందప్పా. నీకు పూర్తిగా తగ్గిపోయింది."

నీలవేణి తన చేతిని చూసుకుంది. తరవాత చెల్లెలి మొహం చూసింది.

"అవునే. తగ్గినట్టే ఉన్నాది" అంది.

ఆ రోజు ల్యాబులో అందరికీ మైసూరుపాకం పంచారు. ఆ నెలా, తరవాతి నెలల్లోనూ కమిటీకి వెళ్లిన జాబితాల్లో, నొప్పి తగ్గినవారని నీలవేణితో కలిపి పంతొమ్మిదిమంది పేర్లు చేరాయి. వాళ్లకు మందులు ఆపేశారు, పాతపనిలోకి పంపారు. నీలవేణి కూడా ఇక పలాస వెళ్తానంది. ఇక్కడ ఊరికే కూర్చుంటే తోచడం లేదనీ, ఇంటి తలుపులు తియ్యక ఏడాది దాటిందనీ చెప్పింది. కాంచన ఇంకొన్నాళ్లు ఉండమంది గానీ, అక్క బాగుపడి తన ఊరు వెళ్తోందన్న సంతోషంలో గట్టిగా పట్టుబట్టలేదు. రైలెక్కించి, కిటికీలోంచి చెయ్యి పట్టుకుని, బండి కదిలేదాకా మాట్లాడుతూ నిలబడింది. నీలవేణి ఎడమచెయ్యి ఇచ్చిందని ఆమె గమనించలేదు.

తరవాత నాలుగు నెలలు కాంచన పనిలో మునిగిపోయింది. రోజూ ఫోన్ చేసేది. నీలవేణి ఏం వండుకున్నదీ, ఎవరింట్లో ఎవరికి పెళ్లి కుదిరిందీ చెప్పేది. చెయ్యి ఎలా ఉందంటే బాగుందనేది.

ఒక ఆదివారం శ్రీకాకుళంలో ఏదో సభకు పిలిస్తే, అక్కడిదాకా వచ్చాను కదా అని చెప్పకుండా పలాస వెళ్లింది. మధ్యాహ్నం ఒంటిగంటవేళ. తలుపు ఓరగా తీసి ఉంది. చెప్పులు విప్పి లోపలికి వెళ్తూనే ఆగిపోయింది.

నీలవేణి గోడకు ఆనుకుని కూర్చుని అన్నం తింటోంది. ఎడమచేత్తో చెంచా పట్టుకుని తింటోంది. కుడిచెయ్యి ఒడిలో, తడిగుడ్డ చుట్టి ఉంది. అన్నం ఎడమచేత్తో ముట్టుకున్నందుకు చిన్నప్పుడు కాంచన ఈమె చేతిలోనే దెబ్బలు తింది.

చెల్లెల్ని చూడగానే నీలవేణి చెంచా కంచంలో వదిలేసి, గుడ్డ విప్పెయ్యబోయింది. ఆ ముడి ఆమెకు విడలేదు.

కాంచన ఎదురుగా కూర్చుని ముడి విప్పింది. మణికట్టు వాచి, వేళ్లు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. ఎప్పటినుంచి అని అడిగింది. నీలవేణి ఏదో సర్దిచెప్పబోయింది. మళ్లీ అడిగితే, మొదట్నించీ అంది. తగ్గిందన్న రోజున కూడా తగ్గలేదంది. మందు వేసుకున్నప్పుడు నయంగా ఉండేదనీ, ఆపేశాక ఎక్కువైందనీ, ఫ్యాక్టరీలో మధ్యాహ్నం దాటితే వేళ్లు మీట మీద నిలవడం లేదనీ, మిగతా గంపలు పక్కామె కొట్టిపెడుతోందనీ ఒక్కొక్కటే చెప్పింది.

"మరి ఆ రోజు ఎందుకలా చెప్పావప్పా?"

నీలవేణి చెంచాతో మెతుకులు ఒక పక్కకు నెట్టింది.

"నువ్వంత సంబరంగా చూస్తంటే ఎలా సెప్పీది? ఆ దీపం నువ్వు సేసింది. అది లేదంటంటే, నాకే ఏదో బెమ అనుకున్నాను. నొప్పని నాకనిపిస్తంది గానీ నిజంగా లేదేమో అనుకున్నానే."

కాంచనకు ఆసుపత్రి డాక్టరు గుర్తొచ్చాడు. అతను మొహం చూసి నమ్మలేదు. తను దీపం చూసి నమ్మలేదు. కంచం దగ్గరికి లాక్కుని అన్నం కలిపి, ముద్దలు చేసి అక్క నోట్లో పెట్టింది. మొదటి రెండు ముద్దలకు నీలవేణి సిగ్గుపడింది. తరవాత తింది. 

మర్నాడే నీలవేణిని వెంటబెట్టుకుని విశాఖపట్నం వచ్చేసింది. నేరుగా ల్యాబుకే వెళ్లారు. వామనరావు ఆ చేతిని చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఊదా దీపం వేశారు. చీకటి. వాచి ఎర్రగా ఉన్న మణికట్టు మీద కూడా చీకటే.

ప్రోటీన్ శరీరంలో కరిగిపోయిందేమోనని కాంచన అనుకుంది. సూదితో ఒక చుక్క తీసి చూస్తే, ఎక్కించినంతా అలాగే ఉంది. మరి ఎందుకు వెలగదు? వామనరావు రెండు రోజులు ఆ చుక్కమీద రకరకాల రంగుల వెలుగు వేసి చూశాడు. మూడోనాడు పొద్దున్నే కాంచనకు కబురంపాడు. ఆమె వెళ్లేసరికి ఆయన నీలవేణి పక్కన కూర్చుని ఉన్నాడు. చేతిలో నీలిరంగు దీపం ఉంది. ఊదా కాదు, మామూలు నీలం.

ఆ వెలుగు పడగానే చెయ్యంతా ఆకుపచ్చగా మండిపోయింది. బొటనవేలు, మణికట్టు, ముంజెయ్యి, ఎప్పుడూ చూడనంత కాంతితో. నీలవేణి బెదిరి చెయ్యి వెనక్కి లాక్కోబోయింది.

ఏం జరిగిందో కాంచనకు అప్పుడే అర్థమైంది. అందుకున్న ప్రోటానును వెనక్కి ఇచ్చేయడం ఆ చివరి గ్లుటామేట్ పని. కోట్లసార్లు ఇస్తుంది. కానీ ఎప్పుడో ఒకసారి, ఊదా వెలుగు దెబ్బకు అదే విరిగిపోతుంది. దానిలో ఒక ముక్క ఊడి గ్యాసుగా వెళ్లిపోతుంది. ఇక ఆ దారిలో ప్రోటాను తిరిగిరాదు. ప్రోటాను లేని ముక్క ఊదా వెలుగును పట్టించుకోదు, నీలం వేస్తేనే వెలుగుతుంది. ప్రోటీన్ ఎంత ఎక్కువ వెలిగితే అంత తొందరగా విరుగుతుంది. ఎవరికి నొప్పి ఎక్కువో వాళ్లది ఎక్కువ వెలిగింది. ఎక్కువ వెలిగినవాళ్లనే వారంవారం దీపం కింద పెట్టారు. అందరికంటే ముందు చీకటైపోయింది వాళ్లే. నీలవేణినైతే వచ్చినవాళ్లందరికీ చూపించారు.

తగ్గినవాళ్లని రాసిన పంతొమ్మిదిమందీ నిజానికి అందరికంటే ఎక్కువ బాధపడుతున్నవాళ్లు.

కాంచన బల్లమీద తల పెట్టుకుని కూర్చుండిపోయింది. వామనరావు దీపం ఆర్పి పరదాలు తీశాడు.

"ఏడాది ఆగుదామన్నాను. గట్టిగా అనలేదు" అన్నాడు. "ఈ ఉత్తరం కింద నా సంతకం కూడా ఉండాలి."

కమిటీకి ఉత్తరం రాయాలని ఇంకా ఎవరూ అనలేదు. రాయక తప్పదని ఇద్దరికీ తెలుసు. ఆ నెలలోనే ఒక పెద్ద కంపెనీ ఈ పరీక్షను దేశమంతా తీసుకెళ్లడానికి ఒప్పందం రాసుకోబోతోంది. ల్యాబులో ఆరుగురు పరిశోధకుల భవిష్యత్తు దానిమీద ఉంది. వాళ్లను కూర్చోబెట్టి కాంచన జరిగింది చెప్పింది. ఒకమ్మాయి, రెండు దీపాలూ వాడితే సరిపోతుంది కదా మేడమ్ అంది. కాంచన దాని గురించి నిజంగానే ఆలోచించింది. నీలం దీపం ఇన్నాళ్లలో ఎంత విరిగిందో చూపిస్తుంది. ఈ రోజు ఎంత నొప్పో చూపించదు. అంతా విరిగిపోయిన చేతికి రేపు తగ్గినా, పెరిగినా తెలియదు. విరగని ప్రోటీన్ తయారు చెయ్యడానికి ఇంకెన్నేళ్లు పడుతుందో. అప్పటిదాకా వాడొద్దని ఉత్తరంలో రాసింది. ఇద్దరూ సంతకాలు పెట్టారు.

కమిటీ వాళ్లు ఆమెను పిలిపించారు. నీలవేణి కూడా వస్తానంది. బయట బెంచీమీద కూర్చుంటాననీ, లోపలికి రాననీ చెప్పి వచ్చింది. లోపల అధ్యక్షుడు మంచి మనిషే, విసుగు దాచుకోలేకపోతున్నాడంతే. ఇన్నాళ్లకు నమ్మకంగా ఒక పద్ధతి దొరికిందనుకుంటే ఇప్పుడు వద్దంటున్నారు, మరి ఎవరికి నొప్పి ఉందో మేమెలా తేల్చాలి అని అడిగాడు.

"వాళ్లనే అడగండి" అంది కాంచన.

"అబద్ధం చెప్పేవాళ్లుంటేనో?"

"ఉండొచ్చు. కానీ మీరు వెనక్కి పంపిన పంతొమ్మిదిమందిలో ఎవరూ అబద్ధం చెప్పలేదండీ. చెప్పింది నా ప్రోటీన్. వాళ్లలో ఒకావిడ నన్ను బాధపెట్టకూడదని దానికి వంతపాడింది. ఆవిడ మా అక్క, బయట కూర్చుంది. కావాలంటే అడగండి."

 అధ్యక్షుడు లేచి తలుపు దగ్గరికి వెళ్లి, లోపలికి రామ్మా అన్నాడు. నీలవేణి వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. ఎక్కడ నొప్పి అని ఆయన అడిగాడు. ఆమె అలవాటుగా నవ్వబోయి, చెల్లెలివైపు చూసి, ఆ నవ్వు ఆపుకుంది. పొద్దున లేచిన దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పింది. దువ్వెన పట్టుకోలేకపోవడం, జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోవడం, నీళ్ల చెంబు రెండు చేతులతో ఎత్తడం. ఆమె అంతసేపు తన గురించి మాట్లాడగా కాంచన ఎప్పుడూ వినలేదు.

పంతొమ్మిదిమందికీ మళ్లీ మందులు, తేలికపని ఇవ్వమని కమిటీ రాసింది. దీపం పరీక్ష ఆపేశారు. కంపెనీ ఒప్పందం పోయింది. పేపర్లలో కాంచన పేరు మళ్లీ వచ్చింది, ఈసారి వేరేలా. ల్యాబులో నలుగురు పిల్లలు వేరే చోట్లకు వెళ్లిపోయారు. రెండు దీపాల మాట అన్న అమ్మాయి మాత్రం, విరగని గ్లుటామేట్ గురించి తను చూస్తానని ఉండిపోయింది. వామనరావు తన లేజరు గదిలో ఒక మూల ఆమెకు ఖాళీచేసి ఇచ్చాడు.

సెలవు పెట్టి కాంచన పలాస వెళ్లింది. నీలవేణి పోగా మిగతా పద్దెనిమిదిమంది ఇళ్లకూ తనే వెళ్లి చెప్పాలని ఆమె పట్టుదల. ఏ ఇల్లు ఎక్కడో తెలిసింది నీలవేణికే కాబట్టి ఆమె ముందు నడిచేది. కొందరు మంచినీళ్లిచ్చి, పోనీలేమ్మా అన్నారు. ఒకామె తలుపు తియ్యలేదు. ఒకామె కొడుకు వీధిలో నిలబడి చాలా మాటలన్నాడు. కాంచన అన్నీ విని, తప్పు తనదేనంది.

చివరి ఇల్లు కూర్మమ్మది. అరవై దాటిన మనిషి. రెండు చేతులూ ముడుచుకుపోయి ఉన్నాయి. కాంచన సంచిలో నీలం దీపం ఉంది. ప్రోటీన్ ఎంత విరిగిందో ఒకసారి చూసి, డాక్టరుకు రాసిపెడదామని తెచ్చింది. అది బయటికి తీస్తుంటే కూర్మమ్మ తల అడ్డంగా ఊపింది.

"నీ దీపం నాకొద్దమ్మా. కూకో. నాను సెప్తాను, నువ్వు రాసుకో."

కాంచన దీపం సంచిలో పెట్టేసి, నోటుపుస్తకం తీసింది. కూర్మమ్మ తన ఎనిమిదో ఏటినుంచి చెప్పడం మొదలుపెట్టింది. మొదటిసారి చెయ్యి కాలిన రోజు, గర్భంతో ఉండగా మీట నొక్కిన రోజులు, మనవరాలిని ఎత్తుకుందామంటే వేళ్లు పట్టు నిలవని రోజు. మధ్యమధ్య ఆగి, రాసుకున్నావా అని అడిగేది. రాసుకున్నానంటేనే ముందుకెళ్లేది. ఎక్కడ నొప్పో, ఎలాంటి నొప్పో చెప్పడానికి ఆమె దగ్గర పది పన్నెండు మాటలున్నాయి. లాగడం వేరు, సలుపు వేరు, పోటు వేరు, తిమ్మిరి వేరు. ఏది ఏ వేలికి వస్తుందో, ఏ వేళకు వస్తుందో ఆమెకు తెలుసు. నీలవేణి పక్కన కూర్చుని, నాకూ అంతే, నాకైతే పొద్దున్నే అని కలుపుతూ ఉంది. మధ్యాహ్నానికి పుస్తకంలో పదిహేడు పేజీలు నిండాయి.

తిరిగి వస్తుంటే ఎండ ఎక్కువగా ఉంది. కాంచన సంచి భుజానికి వేసుకుని వేగంగా నడుస్తోంది, మూడింటి రైలు అందుకోవాలని. రైల్వేగేటు దగ్గరికి వచ్చాక వెనక అడుగుల చప్పుడు ఆగింది. తిరిగి చూస్తే నీలవేణి దారి పక్కన తూము గట్టుమీద కూర్చుని ఉంది.

"ఒలే, ఆగు" అంది. "సెయ్యి లాగతంది. మోసేతి దాకా. కాసేపు కూకుందాం."

కాంచన వెనక్కి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. రైలు వెళ్లిపోయేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.